పక్కవాడి బోరు కంటే మరో వంద అడుగులు

భూగర్భ జలాలను తోడుకోవడంలో ప్రపంచంలో మొదటి స్థానం భారతదేశానిది. కేంద్ర భూగర్భ జల మండలి 2024లో వేసిన అంచనా ప్రకారం దేశం ఏడాదికి తోడుకుంటున్న నీరు సుమారు 245 బిలియన్ ఘనపు మీటర్లు. తెలుగు పాఠకులకు పరిచితమైన కొలమానంలో చెప్పాలంటే ఇది 8,600 టీఎంసీలకు పైమాటే. 312 టీఎంసీల నాగార్జునసాగర్ జలాశయాన్ని ఈ నీటితో ఇరవై ఏడుసార్లు నింపవచ్చు. అందులో దాదాపు 87 శాతం సేద్యానికే పోతోంది.

జాతీయ సగటును చూస్తే కలవరపడవలసిందేమీ కనిపించదు. ఏటా తోడుకోవడానికి వీలున్న నీటిలో 60 శాతం మాత్రమే వినియోగమవుతున్నట్టు లెక్క. అయితే బ్రహ్మపుత్ర లోయలో వాడకుండా మిగిలిన నీరు సంగ్రూర్‌లోనో కదిరిలోనో ఎండిన బోరును నింపదు. మండలి పరిశీలించిన 6,746 యూనిట్లలో 751 చోట్ల భూమిలోకి చేరే నీటి కంటే పైకి తోడే నీరే ఎక్కువ. పంజాబ్ రాష్ట్రమంతటినీ ఒక్కటిగా లెక్కించినా ఈ నిష్పత్తి 150 శాతాన్ని దాటుతోంది. అంటే ఏడాదికి వచ్చే నీటికి ఒకటిన్నర రెట్లు ఖర్చవుతోందన్నమాట.

తమ కాళ్ల కింది నీటిని తామే ఇలా హరించుకుంటున్నవారు నష్టం తెలియని వారు కారు. నీటిమట్టం పడిపోతోందని రైతుకు ఏ శాస్త్రవేత్తా చెప్పనక్కరలేదు. ఏటా మోటారును ఎన్ని పైపుల లోతుకు దింపవలసి వస్తోందో అతని చేతులకే తెలుసు. అన్నీ తెలిసీ ఆగలేకపోవడమే ఇక్కడి చిక్కు. దానికి స్వార్థం అని పేరు పెట్టి వదిలేస్తే సగం నిజమే చెప్పినట్టవుతుంది.

రాతి నేలలో పందెం

తెలంగాణలోనూ రాయలసీమలోనూ అధిక భాగం భూమి అడుగున గట్టి రాయి ఉంది. పైన కొద్ది మీటర్ల మందాన శిథిలమైన రాతిపొర, దాని కింద అక్కడక్కడ పగుళ్లు. నీరు నిలిచేది ఈ పొరలోనూ ఆ పగుళ్లలోనూ మాత్రమే. గంగా మైదానంలోని ఇసుక పొరలలాగా ఇక్కడి నేల నీటిని విరివిగా దాచుకోలేదు. కురిసిన వానలో పదోవంతుకు అటూ ఇటూగా మాత్రమే లోపలికి చేరుతుంది.

పూర్వం రైతులు తోడుకున్నది పై పొరలోని నీటినే. ముప్పై, నలభై అడుగుల ఊటబావి, దానికి ఎద్దులు లాగే మోట. ఎద్దుల బలానికి ఒక హద్దు ఉండేది కనుక రోజుకు ఎంత నీరు తోడాలన్నది ఏ చట్టమూ లేకుండానే నిర్ణయమైపోయేది. ఆ హద్దును తొలుత ఆయిల్ ఇంజన్లు, తరువాత కరెంటు మోటార్లు చెరిపివేశాయి. ఊటబావి అడుగంటినప్పుడు బావిలోనే బోరు దింపారు. అదీ చాలకపోతే పొలంలో వేరే బోరు వేశారు. తొలినాళ్లలో 150 అడుగుల్లో నీళ్లు పడిన గ్రామాల్లో ఆ లోతు మూడింతలు, నాలుగింతలు అయింది. ఉమ్మడి అనంతపురం, చిత్తూరు జిల్లాల్లో వెయ్యి అడుగులు దాటిన బోర్లు ఇప్పుడు అరుదు కావు.

తమిళనాడులోని తిరుచెంగోడు నుంచి వచ్చే రిగ్గు లారీలు వేసవిలో పల్లె పల్లెకూ తిరుగుతాయి. అడుగుకు ఇంత అని ధర. లోతు పెరిగిన కొద్దీ ఆ ధర కూడా పెరుగుతుంది. కేసింగ్ పైపు ఖర్చు వేరు. అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టి నీటి జాడ చెప్పేవారికి ఇచ్చేది వేరు. అయిదు వందల అడుగుల వద్ద దుమ్ము తప్ప తడి కనిపించనప్పుడు రైతు ముందున్నవి రెండే దారులు: అప్పటిదాకా పెట్టిన సొమ్మును వదులుకోవడం, లేదా మరో వంద అడుగులకు అప్పు చేయడం. పక్క పొలంలో ఆరు వందల అడుగుల్లో రెండించుల నీళ్లు పడ్డాయని తెలిసినవాడు రెండో దారినే ఎంచుకుంటాడు.

అతని బోరులో నీళ్లు పడిన తరువాత జరిగేది ఊరికి సంబంధించిన సంగతి. ఒకే పగులు నుంచి ఇద్దరు తోడుతున్నప్పుడు లోతైన బోరు తక్కువ లోతు బోరు నీటిని లాగేసుకుంటుంది. నిన్నటి వరకు పారిన పక్కవాని మోటారు గాలి కొడుతుంది. అతడూ రిగ్గును పిలుస్తాడు. ఊరిలో మొత్తం నీరు ఒక్క బిందె కూడా పెరగలేదు. ఎవరి వాటా ఎంతన్నది మాత్రం ఎవరి బోరు లోతన్నదాన్ని బట్టి మారింది. ఊరంతా కలిసి చేసిన అప్పు పెరిగింది. ఈ పందెంలో మొదట తప్పుకొనేది చిన్న కమతం వాడు. ఊటబావి ఒక్కటే ఆధారమైనవారు దాన్ని పూడ్చి కూలికో వలసకో పోయారు.

నష్టం పొలం గట్టు దాటి కూడా పోతుంది. లోతుకు వెళ్లిన కొద్దీ రాతితో ఎక్కువ కాలం కలిసి ఉన్న నీరు పైకి వస్తుంది. నేల స్వభావాన్ని బట్టి దానిలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండవచ్చు. దేశంలో ఫ్లోరోసిస్‌ను తొలిసారి గుర్తించినది 1937లో, అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో. నల్గొండ జిల్లా ఆ వ్యాధికి దేశమంతటా మారుపేరైంది. మరొకవైపు, నీళ్లు పడని బోర్లను మూయకుండా వదిలేయడంతో వాటిలో పసిపిల్లలు పడిపోయిన ఘటనలు పలు రాష్ట్రాల్లో జరిగాయి. వీటిపై సుప్రీంకోర్టే 2010లో మార్గదర్శకాలు జారీ చేయవలసి వచ్చింది. వేయడానికి వేలు, లక్షలు ఖర్చు చేసిన గోతిని మూయడానికి చారెడు మట్టి దొరకకపోవడం ఈ వ్యవహారమంతటికీ తగిన ఆనవాలు.

మేత బీడు కథ, ఆటో స్టార్టర్ కథ

ఇటువంటి పరిస్థితికి అమెరికా జీవశాస్త్రవేత్త గారెట్ హార్డిన్ 1968లో ‘సైన్స్’ పత్రికలో రాసిన వ్యాసం ఒక ప్రసిద్ధమైన పేరు పెట్టింది: ‘ట్రాజెడీ ఆఫ్ ద కామన్స్’, అంటే ఉమ్మడి ఆస్తి విషాదం. అందరికీ చెందిన మేత బీడులో ఒక కాపరి అదనంగా మరో పశువును తోలితే లాభమంతా అతనిదే. గడ్డి తరిగిన నష్టం మాత్రం కాపరులందరికీ పంపకమవుతుంది. కాబట్టి ప్రతి ఒక్కరికీ మరో పశువును తోలడమే లాభంగా తోస్తుంది. చివరకు బీడు మిగలదు.

తెలుగు రైతుకు ఈ సంగతి చెప్పడానికి మేత బీడు దాకా పోనక్కరలేదు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఆగితే చాలు. వ్యవసాయానికి కరెంటు రోజుకు కొన్ని గంటలే, అదీ వేళాపాళా లేకుండా వచ్చిన కాలంలో, రైతులు మోటార్లకు ఆటో స్టార్టర్లు బిగించుకున్నారు. కరెంటు రాగానే మోటారు తనంతట తానే తిరుగుతుంది. అర్ధరాత్రి పాము పుట్రల నడుమ పొలానికి పోనక్కరలేదు. ఒక్కొక్కరి దృష్టిలో ఇంతకంటే తెలివైన పని లేదు. కానీ ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న మోటార్లన్నీ ఒకే క్షణంలో మొదలైతే భారం తట్టుకోలేక అది కాలిపోతుంది. బాగై వచ్చేదాకా అందరి పైరూ ఎండుతుంది. నీటి విషయమూ ఇంతే: చేను తడిసినా, కరెంటు పోయేదాకా మోటారు తిరుగుతూనే ఉంటుంది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి సేద్యానికి 24 గంటల ఉచిత విద్యుత్తు మొదలైనప్పుడు, స్టార్టర్లను తొలగించాలని ప్రభుత్వమే రైతులను పదే పదే అభ్యర్థించింది.

కెపాసిటర్ల సంగతి ఇంకా సూక్ష్మమైనది. మోటారుకు చిన్న కెపాసిటర్ అమర్చితే లైనులో వోల్టేజీ మెరుగుపడి మోటార్లు కాలడం తగ్గుతుంది. ఖర్చు స్వల్పం. అయితే ఒక్క రైతు అమర్చుకున్నంత మాత్రాన అతనికి చెప్పుకోదగిన ప్రయోజనం ఉండదు. ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింది వారిలో ఎక్కువమంది అమర్చుకుంటేనే ఫలితం కనిపిస్తుంది. మిగతావారు అమర్చుతారన్న నమ్మకం లేక ఎవరూ మొదటి అడుగు వేయరు. ఇక్కడ స్వార్థం కంటే అపనమ్మకమే బలమైన కారణం. బోరు విషయంలోనూ అంతే. ఈరోజు నేను తోడకుండా వదిలిన నీరు రేపటికి నాకోసం నిలిచి ఉంటుందన్న భరోసా ఉంటే మోటారు ఆపడం త్యాగం కాదు, పొదుపు. ఆ భరోసా లేని చోట దూరదృష్టి కలవాడే ముందుగా నష్టపోతాడు.

ప్రభుత్వాల హ్రస్వదృష్టి

ఆ అపనమ్మకాన్ని చట్టమూ, కరెంటు ధరా పెంచి పోషించాయి. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ప్రకారం తన భూమి అడుగున నిర్దిష్టమైన పాయగా ప్రవహించని నీటిని తీసుకొనే హక్కు భూయజమానికి ఉంది. గట్టు కింద నీరు ఆగదన్న సంగతి ఆ చట్టానికి పట్టలేదు. భూమి లేనివానికి ఆ నీటిలో వాటా లేదు. నియంత్రణ కోసం కేంద్రం 1970లోనే రాష్ట్రాలకు నమూనా బిల్లు పంపింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2002లో వాల్టా చట్టం తెచ్చింది: బావుల నమోదు, కొత్త బోరుకు అనుమతి, తాగునీటి బావికి 250 మీటర్ల లోపు బోరుపై ఆంక్షలు. కాగితం మీద ఇవి పటిష్ఠమైన నిబంధనలే. కానీ రాత్రి వచ్చి తెల్లవారేసరికి పని ముగించుకుని పోయే రిగ్గును ఆపవలసింది అసలే పని భారంతో ఉన్న రెవెన్యూ యంత్రాంగం. ఊరిలో ఏ ఒక్కరూ ఫిర్యాదు చేయరు. రేపు తామూ అదే రిగ్గును పిలవవలసి రావచ్చు.

కరెంటు చరిత్ర అందరికీ తెలిసినదే కనుక క్లుప్తంగా చెప్పవచ్చు. 1980లలో ఆంధ్రప్రదేశ్ మీటర్లను వదిలి హార్స్‌పవర్‌కు ఏడాదికి ఇంత అన్న పద్ధతికి మారింది. పంజాబ్ 1997లో ఉచిత విద్యుత్తు ప్రకటించింది. 2004 మే 14న వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా తొలి సంతకం పెట్టింది ఉచిత విద్యుత్తు ఫైలు మీదనే. వరుస కరువులతో అప్పుల పాలైన రైతుకు ఆ సంతకం నిజమైన ఊరట అన్నదానిలో సందేహం లేదు. కాలువ నీరు దాదాపు ఉచితంగా పొందే డెల్టా రైతుతో పోలిస్తే, సొంత ఖర్చుతో బోరు వేసుకున్న మెట్ట రైతు కరెంటు రాయితీ కోరడం న్యాయమే. అయితే మరో గంట మోటారు నడపడానికి అయ్యే ఖర్చు సున్నా అయినప్పుడు, ఆపడానికి కారణం కూడా సున్నా అవుతుంది. ఎన్నికలు అయిదేళ్లకొకసారి, భూమి అడుగు నీటి లెక్క తరాలది. ఈ రెంటి మధ్య ఏ పార్టీ అయినా దేనిని ఎంచుకుంటుందో ఊహించడం కష్టం కాదు.

ఈ రకమైన హ్రస్వదృష్టి ఒకచోట సరిదిద్దబోతే మరొకచోట ఎలా బయటపడుతుందో పంజాబ్ అనుభవం చూపుతుంది. 1960-61లో ఆ రాష్ట్రంలో వరి సాగు 2.27 లక్షల హెక్టార్లు మాత్రమే. కేంద్రం మద్దతు ధరకు కచ్చితంగా కొంటుందన్న హామీ, ఉచిత కరెంటు కలిసి దానిని 30 లక్షల హెక్టార్ల పైకి చేర్చాయి. నీటిమట్టాలు పడిపోతుండగా 2009లో భూగర్భ జల పరిరక్షణ చట్టం వచ్చింది. మండువేసవిలో నాట్లు వేస్తే నీరు ఆవిరై పోతుంది కనుక జూన్ 10కి ముందు నాట్లు వేయరాదని ఆ చట్టం నిర్దేశించింది. ఉద్దేశం మంచిదే. కానీ నాట్లు వెనక్కి జరగడంతో కోతలూ జరిగాయి. వరి కోసిన తరువాత గోధుమ విత్తడానికి మిగిలే వ్యవధి కొద్ది వారాలకు కుంచించుకుపోయింది. యంత్రం కోసిన చేనులోని మోళ్లను తొలగించే తీరిక లేక రైతులు నిప్పు పెట్టారు. అంతకుముందూ నిప్పు పెట్టేవారు. ఇప్పుడది గాలి మందగించే అక్టోబరు చివరికీ నవంబరుకూ జరిగింది. ఆ పొగ ఢిల్లీ దాకా పోయింది. శీతాకాలంలో రాజధాని పీల్చే విషవాయువుకు ఇదొక్కటే కారణం కాదు. కానీ సంగ్రూర్ రైతు మోటారుకూ ఢిల్లీ పిల్లవాని ఊపిరితిత్తులకూ మధ్య ఉన్న లంకె మాత్రం కల్పితం కాదు.

లెక్క కనిపించినప్పుడు

హార్డిన్ చూపిన దారులు రెండు: ఉమ్మడి ఆస్తిని వ్యక్తులకు పంచివేయడం, లేదా ప్రభుత్వం బలవంతంగా అదుపు చేయడం. భూగర్భ జలానికి గట్లు వేయలేము. ప్రతి పొలం వద్ద పోలీసును నిలపలేము. మూడో దారి ఉందని చూపినవారు ఎలినార్ ఆస్ట్రమ్. 2009లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన తొలి మహిళ ఆమె. ఆమె 1965 నాటి డాక్టరేట్ పరిశోధన భూగర్భ జలం మీదనే కావడం విశేషం. లాస్ ఏంజెలిస్ తీరంలోని వెస్ట్ బేసిన్‌లో పట్టణాలూ పరిశ్రమలూ పోటాపోటీగా తోడుతుండగా పసిఫిక్ సముద్రపు ఉప్పునీరు బావుల్లోకి చొరబడింది. 1945లో వ్యవహారం కోర్టుకెక్కింది. కోర్టు నీడలో వాడకందారులే కూర్చుని ఎవరెంత తగ్గించుకోవాలో ఒప్పందం చేసుకున్నారు. ఎవరెంత తోడారో అందరికీ తెలిసేలా లెక్కించే బాధ్యతను తటస్థుడైన అధికారికి అప్పగించారు. 1961లో తుది తీర్పు వచ్చింది. పక్కవాడు కూడా తగ్గించాడని కళ్లారా చూసినప్పుడే ప్రతి ఒక్కరూ తగ్గించారు.

ఈ తెలివి తెలుగు నేలకు కొత్తది కాదు. చెరువు నీటిని ఊరంతా చూడగలిగేది. తూము దగ్గర నీరటి ఉండేవాడు. ఏ మడికి ఎప్పుడు నీరు వదలాలో అతని చేతిలో ఉండేది. చెరువు సగమే నిండిన ఏడు రాయలసీమలో దామాషా పద్ధతి ఉండేది: ఆయకట్టులో కొంత భాగాన్నే సాగు చేసి, దానిలో అందరూ తమ వాటా ప్రకారం నాటుకొనేవారు. పెద్ద రైతుల పెత్తనం, కుల వివక్ష ఆ వ్యవస్థలోనూ ఉన్నాయి. దానిని స్వర్ణయుగంగా వర్ణించనక్కరలేదు. అయినా నీరెంత ఉందన్న విషయంలో ఎవరికీ భ్రమ ఉండేది కాదు. బోరు వచ్చాక నీరు కంటికి కనిపించకుండా పోయింది. దానితోపాటే ఊరి లెక్కా పోయింది.

ఆ లెక్కను తిరిగి ఊరి చేతికి ఇచ్చిన ప్రయత్నం ఒకటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే జరిగింది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో 2000 దశకంలో అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లోని 600కు పైగా గ్రామాల్లో ‘రైతుల భాగస్వామ్యంతో భూగర్భ జలాల నిర్వహణ’ పథకం అమలైంది. ఇందులో నిషేధం లేదు, జరిమానా లేదు, తక్కువ తోడినందుకు రాయితీ కూడా లేదు. రైతులే వర్షమాపకం చూసి వాననూ, టేపు దించి బోరులో నీటిమట్టాన్నీ కొలిచారు. ఆ అంకెలను ఊరి గోడ మీద రాశారు. వానాకాలం పంట ముగిసి యాసంగికి ముందు అందరూ కూర్చుని, నేలలో చేరిన నీరెంత, వేయదలచిన పంటలకు కావలసినదెంత అని లెక్క కట్టారు. లోటు తేలితే ఏం చేయాలన్నది ఎవరికి వారే నిర్ణయించుకున్నారు. అనేకులు వరి తగ్గించి ఆరుతడి పంటలకు మారారు. తక్కువ నీటితో రాబడి తగ్గని పంట ఏదో తెలిసినప్పుడు ఊరి మేలూ తన మేలూ ఒకటే అయ్యాయి. 2010లో ప్రపంచ బ్యాంకు దేశ భూగర్భ జలాలపై వెలువరించిన నివేదిక ఈ ప్రయోగాన్ని ఆశాజనకమైనదిగా పేర్కొంది. నిధులు ఆగిన తరువాత చాలా గ్రామాల్లో కొలతలు మందగించాయని తరువాతి పరిశీలనలు చెప్పాయి. కొలిచే అలవాటు మిగిలినా, కొలిచిన దానికి కట్టుబడే వ్యవస్థ గ్రామ పాలనలో భాగం కాలేదు.

మహారాష్ట్రలోని అహిల్యానగర్ (పూర్వపు అహ్మద్‌నగర్) జిల్లాకు చెందిన హివారే బజార్ కథ ఇందుకు భిన్నమైనది. 1989లో పోపట్‌రావ్ పవార్ సర్పంచ్ అయ్యేనాటికి అది వలసల ఊరు. గుట్టలపై కందకాలు తవ్వి వాన నీటిని నిలిపారు. అంతటితో ఆగితే అనేక వాటర్‌షెడ్ గ్రామాలలాగానే, నిలిచిన నీటిని కొత్త బోర్లు తాగేసేవి. గ్రామసభ సేద్యానికి బోరు వేయరాదని తీర్మానించింది; చెరకు, అరటి వద్దంది. ఏటా నీటి ఆయవ్యయం చూసి ఆ ఏటి పంటలను నిర్ణయిస్తుంది. పవార్‌కు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. ఇక్కడ నిషేధం నిలిచింది. వాల్టా నిషేధం నిలవలేదు. ఒకటి ఊరు తనకు తాను వేసుకున్నది, ఫలితం తన బావిలో చూసుకుంటున్నది. ఒక నాయకుని పట్టుదల మీద ఇంతగా ఆధారపడిన నమూనాను ఆరు లక్షల గ్రామాలకు ఎలా చేర్చాలన్నది వేరే ప్రశ్న.

రైతుకు ఎదురు డబ్బు ఇచ్చే ప్రయత్నమూ సాగింది. 2018లో పంజాబ్ ప్రయోగాత్మకంగా ప్రారంభించిన ‘పానీ బచావో, పైసా కమావో’ పథకంలో, కేటాయించిన కరెంటులో ఆదా చేసిన ప్రతి యూనిట్‌కూ రైతుకు 4 రూపాయలు చెల్లిస్తారు. రాయితీ రద్దు కాదు. మోటారు ఆపడానికి మాత్రం ఒక కారణం ఏర్పడింది. అయితే ఇందుకు మీటరు ఉండాలి. మీటరు పెడితే రేపు బిల్లు వస్తుందన్న భయం పంజాబ్‌లోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ ఒకటే.

కేంద్రం 2019 డిసెంబరు 25న 6,000 కోట్ల రూపాయల అంచనాతో ప్రారంభించిన అటల్ భూజల్ యోజన గ్రామ పంచాయతీ స్థాయిలో నీటి బడ్జెట్‌ను ప్రధానాంశం చేసింది. తెలుగు జిల్లాల్లో ఎన్నో ఏళ్ల ముందే సాగిన పద్ధతికి ఇది దగ్గరిది. పథకానికి ఎంపికైనవి గుజరాత్, హర్యానా, కర్ణాటక, మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్. పంజాబ్ లేదు, రెండు తెలుగు రాష్ట్రాలూ లేవు. ఇక్కడ భూగర్భ జల శాఖలు పీజోమీటర్లతో నీటిమట్టాలను నిత్యం నమోదు చేస్తూనే ఉన్నాయి. ఆ అంకెలు జిల్లా కార్యాలయాలకూ వెబ్‌సైట్లకూ చేరుతున్నాయి. యాసంగి వరి నారు పోయాలా, శనగ చల్లాలా అని అక్టోబరులో తేల్చుకోవలసిన రైతు చూసేది మాత్రం పక్క పొలంలో ఏం నాటుతున్నారన్నదే.